మూగమెట్టు

పోయినవారం మనం జెన్సీని పియానో ముందు వదిలేశాం. ఆమె చూపుడువేలు ఒకే మెట్టు మీద ఉంది. సంగీతం రావలసిన చోట "టక్" మని కర్ర చప్పుడు వచ్చింది.

మధ్యలో చేరినవాళ్ల కోసం ఒక్కమాట. జెన్సీ అంటే వియన్నా వీడెన్ పేటలో సంగీతం మాస్టారు ఇగ్నాజ్ హోల్‌మాయర్ ఏకైక కూతురు. ఈ సాయంత్రం నాలుగింటికి ఆమెకూ వెండెలిన్ హార్ట్‌విగ్‌కూ నిశ్చితార్థం. ఆ ఏడు వియన్నా కలవరించిన పేర్లలో వెండెలిన్ పేరే ముందు. అతని 'రాత్రిపాటలు' వినిపించని వీధి లేదు. పేరుకు పాటలే గానీ వాటికి మాటలు లేవు, పాడేవాడు లేడు, పక్కన వయొలిన్ లేదు. ఒక్క పియానో, ఒక్క మనిషి. ఎడమచెయ్యి నీళ్లలా పారుతూ ఉంటుంది, దాని మీద కుడిచెయ్యి రాగం తీస్తుంది. ఆ రాగం పైకి పైకి పోయి, ఇంకొక్క స్వరం అందుకుంటే కడుపు నిండుతుందనగా, అందుకోకుండా చిన్న మెలిక తిరిగి కిందికి జారిపోతుంది. సరిగ్గా అక్కడ జనం కళ్లు తుడుచుకునేవారు. పత్రికలవాళ్లు దానికి 'అందని స్వరం' అని పేరు పెట్టి, ఈ కాలపు గుండెలో తీరని కోరిక అదేనని పేజీలు నింపారు. జెన్సీ కూడా ఆ మెలిక విన్నాకే మనసిచ్చింది. ఇంత బాధ తెలిసినవాడు తనను బాధపెట్టడని అనుకుంది పిచ్చిపిల్ల.

నిన్న వెండెలిన్ వాళ్లింట్లో, అతని కొత్త పియానో మీద నాలుగో రాత్రిపాట వాయిస్తుంటే ఆమె వేలు జారి, ఆ అందని స్వరం మీద పడింది. అది ఖంగుమని పలికింది. తప్పు పడితే చెవికి గుచ్చుకోవాలి కదా, గుచ్చుకోలేదు. పాట ఇంటికి చేరినట్టు అనిపించింది. అనుమానం వచ్చి మిగతా పాటలు కూడా వాయించి చూసింది. ఆరు పాటలు ఆరు రకాలు, ఒకదాని శ్రుతి ఇంకొకదానికి లేదు, అయినా ప్రతి పాటా తప్పించుకు తిరుగుతున్నది ఒకే మెట్టుని. కుడివైపున, పైవరసలో, అదే నల్లమెట్టు. ఈ మధ్యాహ్నం తన ఇంట్లో, తను పుట్టినప్పటి నుంచీ ఉన్న ఈ పాత పియానో మీద అదే మెట్టు నొక్కింది. అది మూగది. అది మూగదని ఆమెకు ఎప్పటి నుంచో తెలుసు, కానీ ఎన్నడూ దాని గురించి ఆలోచించలేదు.

తలుపు తోసుకుని హోల్‌మాయర్ మాస్టారు వచ్చాడు. మెడకు కట్టుకునే పట్టుగుడ్డ చేతిలో వేలాడుతోంది.

"ఇది కాస్త కట్టి పెట్టు తల్లీ. నేను కట్టుకుంటే ఉరితాడులా తయారవుతోంది."

"నాన్నా, ఈ మెట్టు ఎప్పుడు పోయింది?"

"ఏ మెట్టు?"

జెన్సీ నొక్కి చూపించింది.

"అదా? ఎప్పుడో పోయింది. వాళ్లు వచ్చే వేళ దాని గోల దేనికి?"

"వెండెలిన్ ఇక్కడ పాఠాలు నేర్చుకునే రోజుల్లో పలికేదా?"

"నిక్షేపంలా పలికేది. వాడు పాఠాలు మానేసి ప్రాగ్ వెళ్లాక పోయింది."

"తిరిగొచ్చాక ఈ పియానో మీద ఎప్పుడైనా చెయ్యి వేశాడా?"

మాస్టారు ఆలోచించాడు. "లేదు. వచ్చినప్పుడల్లా నిన్నే వాయించమంటాడుగా, నీ చేతుల్లో వినాలని. ఎందుకే ఈ ప్రశ్నలన్నీ?"

జెన్సీ పియానో వైపు తిరిగింది. ఒకటో రాత్రిపాట అందుకుని మెలిక దాకా వచ్చి ఆపేసింది. రెండోది అందుకుంది, మెలిక దగ్గర ఆపేసింది. మూడోది మొదలుపెట్టేసరికి మాస్టారు చేతిలోని గుడ్డ కింద పడింది. వంగి తీసుకోలేదు.

"చూశారా?" అంది జెన్సీ. "దారిలో గుంత ఉంటే పక్కకు తప్పుకుని నడుస్తాం. గుంత లేని దారిలో ఆరుసార్లు ఎవరైనా పక్కకు నడుస్తారా? వాళ్లింట్లో పియానోకి అన్ని మెట్లూ పలుకుతాయి. ఈ పాటలు అక్కడ పుట్టలేదు నాన్నా. ఇక్కడ పుట్టాయి, ఈ పియానో మీద."

"వాడి తీరే అదేమో. పత్రికలవాళ్లు ఏదో పేరు కూడా పెట్టారుగా."

"శిష్యులు రావడం మానేశాక దీని మీద చెయ్యి వేసేది ఇద్దరమే. నేను రాయలేదు."

ఆ మాట తన నోట్లోంచి వచ్చాక గానీ దాని అర్థం ఆమెకు పూర్తిగా తగల్లేదు. తగిలాక నవ్వొచ్చింది, భయం కూడా వేసింది. హోల్‌మాయర్ మాస్టారంటే వియన్నాలో ఈ కొత్త సంగీతానికి ఆగర్భశత్రువు. నాలుగు స్తంభాల మీద నిలబడ్డ పెద్ద రచన, ఒకదాన్ని ఒకటి తరుముకొచ్చే నాలుగు గొంతులు, అదీ ఆయనకు సంగీతం. పెడల్ తొక్కి స్వరాలన్నీ మంచులా కలిపేసేవాళ్లంటే ఆయనకు ఒళ్లు మంట. 'ఎడమచెయ్యి ఉయ్యాల ఊపుతుంటే కుడిచెయ్యి ఏడుస్తుంది, దాన్ని సంగీతం అంటున్నారు' అని పత్రికలో రాసి, సగం ఊరితో తిట్లు తిన్న మనిషి. శిష్యులెవరైనా పెడల్ మీద కాలు పెడితే బెత్తంతో మోకాలి మీద కొట్టేవాడు.

"మీరా నాన్నా?" అంది. "మీరే రాశారా?"

ఆయన కిటికీ దగ్గరున్న కుర్చీలో కూలబడ్డాడు. మొహం సున్నం కొట్టినట్టుంది.

"కాయితం మీద పెట్టింది నేనే."

"అంటే?"

"అంటే పెట్టడమే నా పని. కట్టింది నేను కాదు. నాకంత మనసెక్కడిదే?"

"మరి ఎవరు?"

"మీ అమ్మ."

నాలుగేళ్ల కింద పోయిన తల్లి థెక్లా జెన్సీకి గుర్తున్నది పిండి అంటిన చేతులతో, ఇస్త్రీ పెట్టె వేడికి ఎర్రబడ్డ చెంపలతో. పియానో దగ్గరికి మధ్యాహ్నాలు గుడ్డ పట్టుకుని దుమ్ము దులపడానికి వెళ్లేది. దులుపుతూ దులుపుతూ కూర్చునేది. ఏదో కూనిరాగంలా వాయించుకునేది. దాన్ని ఇంట్లో ఎవరూ సంగీతం అనలేదు.

"అమ్మకి స్వరాలు రాయడం కూడా వచ్చేది కాదు కదా నాన్నా."

"రాదు. అందుకే ఇవాళ వాయించింది రేపు ఉండేది కాదు, మళ్లీ ఎల్లుండి వచ్చేది, ఇంకో వేషంలో. నేను పక్కగదిలో శిష్యుల స్వరపాఠాలు దిద్దుకుంటూ ఉండేవాణ్ణి. ఆ ఏడుపు ఆపు థెక్లా అని గోడ మీద బాదేవాణ్ణి. పదేళ్లు బాదాను." ఆయన తన అరచేతుల్ని చూసుకున్నాడు. "ఒకరోజు ఓర్చుకోలేక లేచొచ్చాను. ఆవిడ వాయిస్తూనే ఉంది. మూత పట్టుకుని దభీమని వేశాను. చేతులు లాక్కుంది కాబట్టి సరిపోయింది. లోపల తీగని కొట్టే చిన్న సుత్తి విరిగింది."

జెన్సీ నల్లమెట్టు మీద వేలు పెట్టింది.

"ఈ మెట్టేనా?"

"ఈ మెట్టే. మర్నాడు బాగుచేసేవాణ్ణి పిలుస్తానన్నాను. వద్దంది. ఉండనీండి, నేను చుట్టూ తిరిగి వెళ్తాను అంది. కోపంగా కూడా అనలేదు. ఆ రోజు నుంచి ఆవిడ ఏం వాయించినా అక్కడిదాకా వచ్చేది, ఆగేది, పక్కనుంచి దిగేది." మాస్టారు కిటికీ వైపు తిరిగాడు. "ఊరంతా ఏ స్వరం కోసం ఏడుస్తోందో అది నేను విరగ్గొట్టిన స్వరం తల్లీ."

ఎన్ని సాయంత్రాలు ఆ మెలిక దగ్గర తను కళ్లు మూసుకుందో, ఎంతమంది ఆడవాళ్లు చేతిరుమాళ్లు తడుపుకున్నారో, అన్నీ ఒక్కసారిగా జెన్సీకి గుర్తొచ్చాయి. కాలపు గుండె అన్నారు, తీరని కోరిక అన్నారు. అదంతా ఒక మొగుడి కోపం, ఒక పెళ్లాం ఓర్పు. తండ్రి మీద జాలీ అసహ్యమూ రెండూ ఒకేసారి కలిగాయి, ఏది ముందో ఆమెకే తెలియలేదు.

"అమ్మ పేరుతో ఎందుకు వేయించలేదు?"

"ఏమని వేయించను? నేను బతికినన్నాళ్లూ ఛీకొట్టిన సంగీతం నా ఇంట్లోనే పుట్టిందని చెప్పనా? ఆవిడ పోయాక ఇల్లు నిశ్శబ్దమైపోయింది. అప్పుడు ఆ రాగాలు నా బుర్రలో మొదలయ్యాయి. ఆగలేదు. అయిదింటిని పట్టుకోగలిగాను. మంచి చేతులు, మంచి పియానో మీద వాయిస్తే వినాలనిపించింది. వెండెలిన్ ప్రాగ్ నుంచి ఉత్తిచేతులతో తిరిగొచ్చాడు. వేళ్లున్నాయి గానీ వాయించడానికి సొంత సరుకు లేదు. నీ పేరు పెట్టుకో, నా పేరు ఎత్తకు అన్నాను. వాడు వీటిని నేనే కట్టాననుకున్నాడు. అనుకోనిచ్చాను."

"అయిదా?"

మాస్టారు తలెత్తలేదు.

"నాన్నా, ఆరు కదా అచ్చయ్యాయి."

"ఆరోది నేనివ్వలేదు."

"మరి?"

"వసంతకాలంలో వచ్చి ఇంకోటి కావాలన్నాడు. నా దగ్గర లేవన్నాను. ఆ పూటే నువ్వు వాయించడం విన్నాడు. అసలు రచన అందుకునే ముందు నువ్వు వేళ్లు సరిచేసుకుంటూ తోచింది వాయిస్తావే, అది."

ఆలాపన లాంటి ఆ ముందువాయింపు వియన్నాలో పియానో ముట్టుకున్న ప్రతివాళ్లకీ అలవాటే. పియానో ఎలా ఉందో, చేతులు ఎలా ఉన్నాయో చూసుకుని, వినేవాళ్లని కూర్చోబెట్టి, అప్పుడు అసలు పని మొదలుపెట్టాలి. చల్లని నీళ్లలో కాలు పెట్టి చూసుకోవడం లాంటిది. దాన్ని ఎవరూ రాసిపెట్టుకోరు, వాయించినవాళ్లే మరిచిపోతారు.

"నేను గోడవతల నుంచి విని గుర్తుపట్టాను," అన్నాడు మాస్టారు. "నువ్వు వాయిస్తున్నది మీ అమ్మది. చిన్నప్పుడు ఈ పియానో కిందే బొమ్మలు పరుచుకుని పడుకునేదానివి. నీకు తెలియకుండా వేళ్లలో దిగిపోయింది. వాడికి ఈ కథేమీ తెలీదు. చెవులున్నాయి, అంతే. రెండు వారాలకి ఆరో రాత్రిపాట దుకాణాల్లో ఉంది. ఆ తరవాతి ఆదివారం నిన్నిమ్మని అడగడానికొచ్చాడు."

జెన్సీ లేచి నిలబడింది, మళ్లీ కూర్చుంది. ఆరోది మొదటిసారి విన్నప్పుడు తనకు కళ్లు తిరిగాయి. ఇది నాకు ఎప్పటి నుంచో తెలుసు అని వెండెలిన్‌తో అంది. 'మన ఆత్మలు ఒకటే కదా, అందుకే' అని అతనన్నాడు. ఆ మాటకు వారం రోజులు నిద్రపట్టలేదు. అప్పటి నుంచీ వచ్చిన ప్రతిసారీ, 'ముందు ఏదో ఒకటి నీకు తోచింది వాయించు జెన్సీ, అసలు రచన కంటే నాకదే ఇష్టం' అని కళ్లు మూసుకుని కూర్చునేవాడు. మోకాలి మీద వేళ్లు ఆడుతుండేవి. ప్రేమ అనుకుంది. పాడి ఆవుని గుమ్మంలో కట్టుకోవడానికి వచ్చాడని ఇప్పుడు అర్థమైంది.

"ఇవన్నీ తెలిసి నన్ను వాడికి ఇస్తున్నారా?"

"నోరు విప్పితే ముందు నా అయిదూ బయటపడాలి." మాస్టారు చేతుల్లో మొహం దాచుకున్నాడు. "పిరికివాణ్ణమ్మా. మీ అమ్మ కూడా ఇదే అనేది."

కింద గుమ్మంలో గంట మోగింది. పనిమనిషి రేజీ పరుగు, తలుపు చప్పుడు, మెట్ల మీద పట్టుగౌను గరగరలు. జెన్సీ కిందపడ్డ గుడ్డ తీసి, తండ్రి మెడకు చుట్టి, ముడి వేసింది.

వెండెలిన్ తల్లి ముందు వచ్చింది. దిట్టంగా, చుబుకం కింద కండ మడతతో, వచ్చీ రాగానే గది నాలుగు మూలలూ కళ్లతో తుడిచింది. "అబ్బ, ఈ మెట్లెక్కేసరికి ప్రాణం పోయిందమ్మా. ఏం పిల్లా, అలా పాలిపోయావేం? నా నిశ్చితార్థం రోజున నేనైతే చెర్రీపండులా ఉన్నాను, కావాలంటే మావారిని అడుగు, బతికుంటే చెప్పేవారు." రేజీ కాఫీ పళ్లెం, పంచదార పొడి చల్లిన కేకు తెచ్చి బల్ల మీద పెట్టింది. వెనకే వెండెలిన్ వచ్చాడు, బూడిదరంగు చేతితొడుగులతో, ఆ చల్లని చిరునవ్వుతో. అందగాడే. అది కాదనలేం.

"మాస్టారూ, నమస్కారం," అన్నాడు. జెన్సీ చేతిని పెదాలకు తాకించుకున్నాడు. "ఉంగరాలు మార్చుకునే ముందు ఏదైనా వాయించకూడదూ? పెద్ద రచనలేవీ వద్దు. ఊరికే నీకు తోచింది."

"ఇవాళ మీరు వాయించండి," అంది జెన్సీ.

"నేనా?"

"అవును. ఎప్పుడూ నేనేగా. అచ్చయినవి వద్దు. ఊరికే మీకు తోచింది."

"మంచి మాట చెప్పింది," అంది తల్లి కేకు కోస్తూ. "వాయించు నాయనా. ఇంట్లో తలుపేసుకుని వాయించుకుంటావు, నాకెప్పుడూ వినిపించవు. ఇవాళ వింటాను."

చిరునవ్వు అలాగే ఉంది, కళ్లలోంచి మాత్రం పోయింది. నలుగురిలో తోచింది వాయించలేనివాణ్ణి వియన్నాలో పియానో వాద్యకారుడు అనరు, వేళ్లున్న యంత్రం అంటారు. తప్పించుకునే దారి లేదు. చేతితొడుగులు ఒక్కో వేలే లాగి తీశాడు. కూర్చున్నాడు. కాసేపు మెట్ల వంక చూశాడు. జెన్సీకి ఒక్క క్షణం అతని మీద జాలేసింది, ఏమీ రాకపోతే బాగుండునని కూడా అనిపించింది.

వచ్చింది. ఎడమచెయ్యి మెల్లగా తిరగడం మొదలుపెట్టింది, తిరగలి తిరిగినట్టు బరువుగా. దాని మీద ఒక రాగం లేచింది. వంకర్లు లేని, కాస్త పెంకె రాగం. వింటూ వింటూ జెన్సీ గుర్తుపట్టింది. ఇది పోయిన ఆదివారం వెండెలిన్ వాళ్లింట్లో ఆ కొత్త పియానో మీద తను వేళ్లు సరిచేసుకుంటూ వాయించింది. అతను కిటికీ దగ్గర నిలబడి వీధిలోకి చూస్తున్నాడు అప్పుడు, వినడం లేదనుకుంది.

రాగం పైకి వెళ్లింది. ఇంకా పైకి వెళ్లింది. ఎక్కడా ఆగకుండా, పక్కకు తిరగకుండా, ఆ నల్లమెట్టు మీదికే వచ్చి నిలబడింది. కర్ర చప్పుడయింది. వెండెలిన్ ఉలిక్కిపడి తన వేలి వంక చూసుకున్నాడు. మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే.

"పియానో పాడైపోయిందే," అంది అతని తల్లి, నోట్లో కేకుతో.

హోల్‌మాయర్ మాస్టారు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆయన చూపు వెండెలిన్ మీద లేదు, కూతురి మీద ఉంది.

"ఇది మీ అమ్మది కాదు," అన్నాడు. వినేవాళ్లున్నారన్న స్పృహ కూడా లేదు ఆయనకి. "ఆవిడ ఈ మెట్టు మీదికి ఎన్నడూ రాలేదు. ఇది ఎవరిదే?"

"ఏ అమ్మ? ఎవరి సంగతి మాట్లాడుతున్నారు మీరు?" అంది పెద్దావిడ.

జెన్సీ పియానో వంక చూస్తోంది. తల్లి వేళ్లే తన వేళ్లలో ఉన్నాయని ఇందాక తండ్రి చెప్పినప్పుడు నమ్మేసింది, తనకంటూ ఏమీ లేదని కూడా అనుకుంది. కానీ ఇది తల్లి దారి కాదు. చుట్టూ తిరిగి వెళ్లే మనిషి నడక కాదు ఇది.

"నాది నాన్నా," అంది.

వెండెలిన్ మొహంలో రక్తం లేదు. అయినా లేచాడు, తొడుగులు చేతిలోకి తీసుకున్నాడు, గౌరవంగా వంగి, కుర్చీ ఆమె వైపు జరిపాడు.

"నీదేనా?" అన్నాడు, అందరికీ వినబడేలా. "అయితే కూర్చో జెన్సీ. నేను ఆపిన చోటు నుంచి పూర్తి చెయ్యి. నీదైతే మిగతాది నీకు తెలియాలిగా."

వెండెలిన్ తల్లి కేకు కోసే కత్తి బల్ల మీద పెట్టింది. మాస్టారు కూతురి వైపు ఒక అడుగు వేసి ఆగిపోయాడు. జెన్సీ వెళ్లి కూర్చుంది, చేతులు మెట్ల మీద ఉంచింది. ఆ ఆదివారం సరిగ్గా అక్కడే ఈ పెద్దావిడ కాఫీకి రమ్మని పిలిస్తే లేచి వెళ్లిపోయింది. ఆ మిగతా సగం ఇంకా ఎక్కడా లేదు.